మెషిన్ లెక్క 20, నా లెక్క 28: పేషెంట్ ఫైట్ చేస్తున్నాడా, మెషినే వినట్లేదా?

నైట్‌డ్యూటీ సిస్టర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను స్టాఫ్ నర్సుని. జీఎన్‌ఎం చేసి తొమ్మిదేళ్ళయింది, ఐసీయూకి వచ్చి మాత్రం పద్నాలుగు నెలలే. ఊరూ ఆసుపత్రీ చెప్పను, పల్నాడు వైపు అనుకోండి. పది బెడ్లు, నాలుగు వెంటిలేటర్లు. రాత్రిపూట ఒక డ్యూటీ డాక్టరు గారు, ఇద్దరు సిస్టర్లం.

3వ బెడ్‌లో 61 ఏళ్ళ పెద్దాయన ఉన్నారు. నలభై ఏళ్ళు బీడీలు తాగారు, సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఊపిరి వదలడం కష్టమయ్యే జబ్బు). జలుబు చేసి ఆయాసం ముదిరాక తీసుకొచ్చారు. బైప్యాప్ (మాస్క్‌తోనే గాలి తోసే మెషిన్) పెట్టి చూశాం, తట్టుకోలేకపోయారు. గొంతులో ట్యూబ్ వేసి ఇవాళ్టికి మూడో రోజు. సెట్టింగులు ఇవీ: వాల్యూమ్ కంట్రోల్ (ప్రతి ఊపిరికీ ఇంత గాలి అని మనమే పెట్టే మోడ్), టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి ఇచ్చే గాలి) 480 మిల్లీలీటర్లు, రేటు నిమిషానికి 20, గాలి లోపలికి ఇచ్చే టైము 1 సెకను, పీప్ (ఊపిరి వదిలాక కూడా మెషిన్ నిలిపి ఉంచే ఒత్తిడి) 5, ఆక్సిజన్ 35 శాతం. శాచురేషన్ 93 ఉంది. సాయంత్రం ఏబీజీలో (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) పీహెచ్ 7.49, కార్బన్ డయాక్సైడ్ 42, బైకార్బ్ 31. అన్నీ బాగానే ఉన్నాయన్నారు.

కానీ మిడజోలం (మిడాజ్ అనే మత్తు మందు) దిగిపోగానే మొదలవుతుంది. తల అటూ ఇటూ తిప్పుతారు, ట్యూబ్ కొరుకుతారు, చేతికి కట్టిన గుడ్డ లాగుతారు, హై ప్రెజర్ అలారం ఆగదు. "ఫైట్ చేస్తున్నాడమ్మా, రెండు మిల్లీగ్రాములు మిడాజ్ ఇవ్వు" అంటారు డాక్టరు గారు. ఇస్తే గంటన్నర ప్రశాంతం. తర్వాత మళ్ళీ అదే గొడవ. నిన్న ఒక్క రాత్రే నాలుగుసార్లు ఇచ్చాను.

మూడోసారి ఇవ్వబోయే ముందు, ఎందుకో తెలీదు, ఆయన పొట్ట మీద చెయ్యి వేసి గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టాను. చిన్నప్పుడు మా నాయనమ్మ పక్కన పడుకుని ఆవిడ ఊపిరి ఇలాగే లెక్కపెట్టేదాన్ని, ఆ అలవాటేమో. పొట్ట 28 సార్లు లేచింది. స్క్రీన్ మీద రేటు 20. నాదే తప్పేమోనని ఇంకోసారి చూశాను. 27. స్క్రీన్ మాత్రం 20 దగ్గరే ఉంది.

డాక్టరు గారికి చెప్తే "స్క్రీన్ చూడమ్మా, పొట్ట కాదు" అన్నారు. ఆయన తప్పు కూడా అనను, పొద్దుటి నుంచీ ఓపీ చూసి వచ్చారు పాపం. కానీ నా చెయ్యి నాకు అబద్ధం చెప్పదు కదా. మిగిలిన ఆ ఏడెనిమిది ఊపిరులు ఎటు పోతున్నాయి? ఆయన వెంటిలేటర్‌తో పోట్లాడుతున్నారా, వెంటిలేటరే ఆయన మాట వినట్లేదా?

మత్తు డాక్టర్, గుంటూరు

సిస్టర్, మీ లెక్కే కరెక్టు. స్క్రీన్ కూడా అబద్ధం చెప్పట్లేదు. అది తను కొట్టిన ఊపిరులు లెక్కపెడుతోంది, మీరు ఆయన తీసుకోవాలని చూసిన ఊపిరులు లెక్కపెట్టారు. ఆ తేడానే ఆయన బాధ.

వెంటిలేటర్‌కి కళ్ళు లేవు. గొట్టంలో ప్రెజర్ ఓ రెండు సెంటీమీటర్లు (ఈ ఒత్తిళ్ళన్నీ నీటి ఎత్తు లెక్కలో కొలుస్తాం) పడితేనో, నిమిషానికి రెండు లీటర్ల లెక్కన గాలి లోపలికి కదిలితేనో "ఓహో, పీలుస్తున్నాడు" అని దానికి తెలుస్తుంది. అదే ట్రిగ్గర్. ఇప్పుడు మీ పెద్దాయన ఊపిరితిత్తులు చూడండి. సీఓపీడీలో గాలి లోపలికి పోవడం సులువు, బయటికి రావడమే కష్టం. రేటు 20 అంటే ఒక్కో ఊపిరికి 3 సెకన్లు. లోపలికి ఇవ్వడానికి 1 పోతే బయటికి వదలడానికి మిగిలేది 2. ఆయనకి ఆ 2 సెకన్లు చాలవు. ఆర్టీసీ బస్సులో దిగేవాళ్ళు దిగకముందే ఎక్కేవాళ్ళు తోసుకొచ్చినట్టు, పాత గాలి వెళ్ళకముందే కొత్త గాలి వచ్చి పడుతోంది. లోపల చిక్కుకుపోయిన ఆ గాలి ఒత్తిడినే ఆటో పీప్ అంటాం.

లోపల ఒత్తిడి 10 ఉందనుకోండి, మీరు పెట్టిన పీప్ 5. ఆయన పీల్చినప్పుడు ముందు ఆ 10ని 5కి దించాలి, ఆపైన ట్రిగ్గర్ కోసం ఇంకో 2. అంటే 7 సెంటీమీటర్లు లాగితే గానీ మెషిన్‌కి కబురు అందదు. అంత ఓపిక ఉన్నప్పుడు అందుతుంది, లేనప్పుడు పొట్ట లేస్తుంది గానీ గాలి రాదు. ఏడెనిమిది ఊపిరులు పోతున్నది అక్కడే.

ఈ రాత్రి ఇవి చూడండి. స్క్రీన్ మీద ఫ్లో గ్రాఫ్‌లో గాలి వదిలే భాగం గీత కిందికి వెళ్ళి మళ్ళీ సున్నాకి వస్తోందా, రాకముందే తర్వాతి ఊపిరి మొదలవుతోందా? ఆ కింది గీత మధ్యలో చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తున్నాయా? పొట్ట మీద చెయ్యి అలాగే ఉంచి చూడండి. మెషిన్ ఊపిరి రాకుండా పొట్ట లేచిన ప్రతిసారీ అక్కడో బుడిపె కనిపించాలి.

ఇంకోటి. 480 ఎలా వచ్చింది? చూపులకి 70 కిలోలని రాసి ఉంటారు. వెంటిలేటర్‌కి కావాల్సింది ఒంటి బరువు కాదు, ఎత్తు. లావెక్కినా ఊపిరితిత్తులు పెరగవు కదా. మగవాళ్ళకి 50 కిలోలు, ఆడవాళ్ళకి 45.5, దానికి 152.4 సెంటీమీటర్ల పైన ఉన్న ప్రతి సెంటీమీటరుకీ 0.91 కలపాలి, ఆ వచ్చిన బరువుతోనే వాల్యూమ్ లెక్కేయాలి. టేపు పెట్టి కొలిచి చెప్పండి.

ఆ ఏబీజీ కూడా నాకు బాగున్నట్టు అనిపించలేదు. బైకార్బ్ (రక్తంలో ఆమ్లాన్ని సరిచేసేది) 31 అంటే ఆయన ఒళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌కి అలవాటు పడింది. ఇంట్లో ఉన్నప్పుడు ఆయనకి 55 దగ్గర ఉండి ఉంటుంది. మనం మూడు రోజుల్లో 42కి దించేసి నార్మల్ వచ్చిందని సంతోషిస్తున్నాం. పీహెచ్ (రక్తం ఆమ్లం వైపుందా, క్షారం వైపుందా అనే కొలత) 7.49కి ఎక్కి చెప్తోంది, అది ఆయన నార్మల్ కాదని. అవసరానికి మించి గాలి కొడుతున్నాం. చాలామందికి ఇది తలకెక్కదు. పేషెంట్ గింజుకుంటుంటే సపోర్ట్ చాలట్లేదనుకుని పెంచుతారు. ఇలాంటి పేషెంట్‌కి పెంచేకొద్దీ లోపల గాలి ఇంకా చిక్కుతుంది, పోయే ఊపిరులు ఇంకా పెరుగుతాయి.

నేనైతే వాల్యూమ్ తగ్గిస్తాను, రేటు 14 దాకా దించుతాను, లోపలికి ఇచ్చే టైము 0.8 చేస్తాను. అప్పుడు బయటికి వదలడానికి దాదాపు మూడున్నర సెకన్లు దొరుకుతాయి. నెబ్యులైజేషన్, సక్షన్ సరేసరి. పీప్ కూడా కొంచెం పెంచుతాను, 5 నుంచి 7 లేదా 8కి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, గాలి చిక్కుకుందని చెప్తూ ఇంకా పెంచడమేంటని. బావిలో నీళ్ళు పైకొస్తే చేంతాడు కొంచెం వదిలితే చాలు కదా, అలాగే. బయట 8 ఉంటే ఆయన లాగాల్సింది 7 కాదు, 4 చాలు. కానీ లోపలున్న ఒత్తిడిని దాటి పెంచకూడదు, ప్లాటో ప్రెజర్ (గాలి నిండాక ఊపిరితిత్తుల్లో నిలిచే ఒత్తిడి) పెరుగుతోందేమో చూసుకుంటూ ఉండాలి.

ఇవన్నీ మీరు తిప్పమని కాదు, మీ డాక్టరు గారితోనే చేయించాలి. "స్క్రీన్ కాదు పొట్ట చూడండి" అని చెప్తే ఎవరికైనా కోపం వస్తుంది. గ్రాఫ్ వరకు ఫోన్‌లో వీడియో తీసి, పేషెంట్ కనపడకుండా, "సార్, ఈ బుడిపెలు ఏంటి?" అని అడగండి. డాక్టర్లం ప్రశ్నకి తొందరగా లొంగుతాం.

మర్చిపోయాను. సెట్టింగుల కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. ట్యూబ్ జారిందా, మెలికపడిందా, కఫం అడ్డుపడిందా, ఒక పక్క ఊపిరి శబ్దం తగ్గిందా, యూరిన్ పైపు మూసుకుపోయి పొట్ట ఉబ్బిందా. మూత్రం ఆగి గింజుకున్న పేషెంట్‌కి రాత్రంతా మత్తు పోసిన కేసు నేనే చూశాను. అది నా సొంత డ్యూటీయే, దాచడం ఎందుకు. బీపీ కూడా పడిపోతుంటే మాత్రం మెషిన్ నుంచి ట్యూబ్ విడదీసి కొన్ని సెకన్లు గాలంతా పోనిచ్చి, ఆ తర్వాత ఆంబు (చేత్తో నొక్కి గాలి ఇచ్చే బ్యాగు) నెమ్మదిగా కొట్టండి.

రియాద్ ఆర్‌టీ

నమస్తే అక్కా. నేను రెస్పిరేటరీ థెరపిస్ట్‌ని, సొంతూరు కర్నూలు, ఎనిమిదేళ్ళుగా సౌదీలో పని. ఇక్కడ వెంటిలేటర్ దగ్గర ఉండటమే మా ఉద్యోగం కాబట్టి చెప్తున్నా.

డాక్టర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ మీ 3వ బెడ్ పెద్దాయనకి సరిపోతుంది. కానీ రేపు 4వ బెడ్‌లో నిమోనియా కుర్రాడు గింజుకుంటుంటే ఇదే మందు వేస్తే దెబ్బతింటాడు. వాళ్ళ కథ తిరగబడి ఉంటుంది. ఆకలి మీదున్నవాడికి చెంచాతో పెట్టినట్టు, వాడికి గాలి కావాల్సినంత వేగంగా రాదు. ప్రెజర్ గ్రాఫ్ చూడండి. గుండ్రంగా ఉబ్బాల్సింది మధ్యలో సొట్ట పడుతుంది, ఎవరో లోపలి నుంచి పీకినట్టు. నిజంగానే పీకుతున్నాడు. మెషిన్ ఊపిరి అయిపోయినా వాడి పీల్పు అవ్వదు, వెంటనే ఇంకో ఊపిరి ట్రిగ్గర్ అవుతుంది. రెండూ ఒకదానిమీద ఒకటి. 400 పెట్టామనుకుంటాం, లోపలికి పోయేది 800. ఊపిరితిత్తుల్ని కాపాడాలని తక్కువ పెట్టి, ఆఖరికి రెట్టింపు ఇచ్చినట్టవుతుంది.

అక్కడ ఫ్లో పెంచాలి, లేదా ప్రెజర్ మోడ్‌కి మారాలి, జ్వరమూ నొప్పీ తగ్గించాలి. అప్పటికీ ఆగకపోతే మత్తు తప్పదు, కొందరికి కండరాలు సడలే మందు కూడా. మత్తే తప్పని నేనను. మొదటి మందు అది కాకూడదని అంతే.

ఎవరు ఎంత బలంగా లాగుతున్నారో అంచనాకి పీ పాయింట్ వన్ అని ఒక కొలత ఉంటుంది, ఈమధ్య చాలా మెషిన్లలో మెనూలో దొరుకుతుంది. పీల్పు మొదలైన 0.1 సెకనులో గాలి ఆపి ప్రెజర్ ఎంత పడిందో చూపిస్తుంది. 4 దాటితే గట్టిగా లాగుతున్నట్టు, 1 లోపు ఉంటే దాదాపు ఏమీ చేయట్లేదన్నట్టు. ఏమీ చేయకపోవడం కూడా మంచిది కాదక్కా. 2008లో ఒక స్టడీ వచ్చింది. బ్రెయిన్ డెడ్ అయ్యాక 18 నుంచి 69 గంటలు పూర్తిగా మెషిన్ మీదే ఉన్నవాళ్ళ డయాఫ్రమ్ (ఊపిరి పీల్చే ముఖ్యమైన కండరం) ముక్క తీసి చూస్తే కండరం నారలు సగానికి పైగా సన్నబడ్డాయి. మూడు రోజులు కూడా నిండలేదు. తర్వాత ట్యూబ్ తీయడానికి ఎందుకు కష్టమవుతుందో ఇక అర్థం చేసుకోండి.

మా దగ్గర నావా అని ఒక మోడ్ ఉంది. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్ లాంటిదానికే ఎలక్ట్రోడ్లు ఉంటాయి, డయాఫ్రమ్‌లో కరెంటు పుట్టగానే మెషిన్‌కి తెలిసిపోతుంది. మీ పెద్దాయన లాంటివాళ్ళకి అది దివ్యంగా ఉంటుంది, చిక్కిన గాలితో దానికి పని లేదు. ఖరీదు తలుచుకుంటే మాత్రం మీ చెయ్యే నయం.

ఖమ్మం రైతు

నేను డాక్టర్నీ కాను, నర్సునీ కాను. మా తమ్ముడు ఈ లింకు పంపితే చదివాను. అవతలి పక్క ఎలా ఉంటుందో మీకెవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

ఐదేళ్ళ కింద వానాకాలంలో, పొలం దగ్గర గుడిసెలో కింద పడుకుంటే కట్లపాము కరిచింది. నొప్పి లేదు, చీమ కుట్టినట్టు కూడా లేదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కళ్ళు మూతలు పడటం, మాట ముద్దగా రావడం. ఆసుపత్రికి చేరేసరికి ఊపిరి అందలేదు, ట్యూబ్ వేశారు. ఆరు రోజులు మెషిన్ మీద ఉన్నాను.

అందరూ నాకు స్పృహ లేదనుకున్నారు. రెప్ప ఎత్తలేను, వేలు కదపలేను. కానీ అన్నీ వినపడుతున్నాయి. మా బామ్మర్ది ట్రాక్టరు కిస్తీ గురించి మాట్లాడింది కూడా విన్నాను. మొదటి రెండు రోజులు మెషిన్ గాలి పర్వాలేదు, పూర్తిగా దానికే వదిలేశాను. మూడో రోజు నుంచి నాలో కొంచెం బలం వస్తున్నట్టు నాకు తెలుస్తోంది. అప్పుడు మొదలైంది నరకం. నేను పీల్చాలనుకున్నప్పుడు గాలి రాదు, వదలాలనుకున్నప్పుడు వచ్చి కొడుతుంది. పైగా వచ్చేదీ చాలదు, గుండెలనిండా ఒక్కసారి తీసుకుంటే చాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఊయల ఊపేవాడు మన తాళం వినకుండా ఊపితే కడుపులో తిప్పుతుందే, అలాంటిది ఊపిరితో. కానీ చెప్పడానికి నోరు లేదు, గింజుకోవడానికి ఒళ్ళు లేదు. కంట్లోంచి నీళ్ళు మాత్రం కారేవట, ఇన్ఫెక్షనేమో అని చుక్కలు వేశారు.

నాలుగో రోజు రాత్రి ఒక సిస్టరమ్మ వచ్చి నా చెవి దగ్గర "అన్నా, వినపడితే కాలి బొటనవేలు కదపడానికి చూడు" అంది. ఎంత కదిలిందో నాకు తెలీదు, ఆమె మాత్రం చూసింది. డాక్టరు గారిని లేపి తీసుకొచ్చింది. మెషిన్‌లో ఏదో మార్చారు. ఆ తర్వాత వచ్చిన మొదటి ఊపిరి నాకు ఇప్పటికీ గుర్తు. నేను పీల్చాను, గాలి వచ్చింది. అంతే.

మీ పెద్దాయన గింజుకుంటున్నారంటే ఒక రకంగా అదృష్టవంతుడు తల్లీ. నాకు ఆ మాత్రం కూడా చేతకాలేదు.

మత్తు డాక్టర్, గుంటూరు

రైతు గారూ, మీరు రాసింది మా ఐసీయూ గ్రూపులో పెట్టాను, పేరు లేకుండా. కట్లపాము కేసుల్లో బుర్ర పూర్తిగా పనిచేస్తూనే ఉంటుందని పుస్తకంలో చదువుకున్నవాళ్ళమే. అయినా పక్కన నిలబడి మాట్లాడేస్తాం.

వచ్చే గాలి చాలలేదన్నారే, అది కూడా నిజమే. దెబ్బతిన్న ఊపిరితిత్తులకి కిలోకి 6 మిల్లీలీటర్లు అని 2000లో వచ్చిన పెద్ద ట్రయల్ తర్వాత మాకు ఆ అంకె అలవాటైపోయింది. అందులో 12 ఇచ్చినవాళ్ళలో దాదాపు 40 శాతం చనిపోతే, 6 ఇచ్చినవాళ్ళలో 31 శాతం. గొప్ప ఫలితమే. కానీ అది ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి నీరు చేరే తీవ్రమైన జబ్బు) లెక్క. మీ ఊపిరితిత్తులకి ఏమీ కాలేదు, కండరమే పడిపోయింది. అలాంటివాళ్ళకి అంత తక్కువ ఇస్తే గాలి చాలనట్టే ఉంటుంది. కొంచెం ఎక్కువ ఇస్తే హాయిగా ఉంటారు.

నైట్‌డ్యూటీ సిస్టర్

రెండు రోజులు రాయలేకపోయాను, డే డ్యూటీకి మార్చారు.

ముందు టేపు పెట్టాను. 160 సెంటీమీటర్లు. లెక్క వేస్తే 57 కిలోలు వచ్చింది. కేస్ షీట్‌లో 70 అని ఉంది, ఎవరు రాశారో ఎవరికీ తెలీదు. అంటే మేము కిలోకి 7 ఇస్తున్నామనుకుని 8.4 ఇస్తున్నాం.

బుడిపెలు ఉన్నాయి! కింది గీత సున్నాకి రానే రాలేదు. వీడియో తీసి డ్యూటీ డాక్టరు గారికి చూపించాను, మీరు చెప్పినట్టే ప్రశ్నలాగా. ఆయన రెండుసార్లు చూసి ఏమీ మాట్లాడకుండా వచ్చి తనే పొట్ట మీద చెయ్యి వేశారు. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. పెద్ద సార్‌కి ఫోన్ చేశారు. వాల్యూమ్ 400, రేటు 14, టైము 0.8, పీప్ 7. పది నిమిషాల తర్వాత లెక్కపెడితే పొట్ట 25, మెషిన్ 22 (14 కనీసం ఇచ్చేవి, పైవి ఆయన పీల్పుకి పలికినవి). మిడాజ్ ఆ రాత్రి ఒక్కసారే ఇచ్చాం, తెల్లవారుజామున అదీ ఆపేశారు.

మర్నాడు ప్రెజర్ సపోర్ట్‌కి (ఆయన పీల్చినప్పుడే మెషిన్ ఒత్తిడితో తోడిచ్చే మోడ్) మార్చారు. మొదట ఒత్తిడి 14 పెడితే మళ్ళీ పొట్ట 26, మెషిన్ 19. ఈసారి పెద్ద సారే అన్నారు, తగ్గిద్దామని. 9కి దించి, గాలి ఆపే పాయింటు (గాలి వేగం దాని గరిష్ఠంలో ఎంత శాతానికి పడితే మెషిన్ ఊపిరి ఆపాలో అది) 25 శాతం నుంచి 40కి మార్చారు, అంటే ముందే ఆపేలా. పొట్ట 25, మెషిన్ 25. సపోర్ట్ తగ్గిస్తే మెషిన్ రేటు పెరిగిందేంటని మా జూనియర్ సిస్టర్ కంగారుపడింది. ఆయన రేటు పెరగలేదు, అదివరకు మెషిన్ వదిలేసినవి ఇప్పుడు అందుకుంటోందని చెప్పాను. చెప్పాక నాకే గర్వంగా అనిపించింది.

సాయంత్రం ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ 54, పీహెచ్ 7.38. ఎవరూ కంగారుపడలేదు. రేపు పొద్దున్న స్పాంటేనియస్ ట్రయల్ (సొంతంగా ఊపిరి తీసుకోగలరా అని చూసే పరీక్ష), బాగుంటే ట్యూబ్ తీసి వెంటనే బైప్యాప్ పెడతారట.

ఇప్పుడు ఇంకో డౌటు. 1వ బెడ్‌లో స్ట్రోక్ పేషెంట్, ఆడమనిషి. పొట్ట 16. మెషిన్ 29. ఇది ఎలా కుదురుతుంది? ఊపిరి తీసుకోకుండానే మెషిన్ ఇస్తోందా?

రియాద్ ఆర్‌టీ

ఇస్తుందక్కా. ముందు గొట్టాలు చూడండి. కిందికి వేలాడే చోట నీళ్ళు చేరాయా? అవి కదిలితే ఫ్లో కదులుతుంది, మెషిన్ దాన్నే పీల్పు అనుకుంటుంది. నీళ్ళు లేకపోతే ఎక్కడైనా లీక్ ఉందేమో, కఫ్ (ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగ) ప్రెజర్ చూడండి. అదీ కాకపోతే ట్రిగ్గర్ మరీ సున్నితంగా పెట్టి ఉంటారు, గుండె కొట్టుకోవడానికి కూడా పలుకుతుంది. అలాంటప్పుడు అసలు ఊపిరే తీసుకోని మనిషి కూడా స్క్రీన్ మీద తీసుకుంటున్నట్టే కనిపిస్తాడు.

నైట్‌డ్యూటీ సిస్టర్

నీళ్ళే. అరగ్లాసు ఉన్నాయి. పారబోశాను. ఇప్పుడు పొట్ట 16, మెషిన్ 16.